ఆత్మకూరు లైను

ఉదయగిరిలో బెత్సయిదా వైద్యశాలకు పొద్దున ఆరింటికల్లా తెల్లవారేది. శీనమ్మ పెరట్లో బండ మీద దుప్పట్లు ఉతికి, నీలిమందు నీళ్లలో ముంచి, నాలుగు తీగల మీద ఆరేసేది. ఎవరు ఏ రాత రాసి పారేసినా అది ఆ దుప్పట్ల మీద లేత నీలం అక్షరాలుగా తేలేది. తడి ఉన్నంతసేపు ఉండేది, ఆరితే పోయేది, మళ్లీ తడిపితే మళ్లీ వచ్చేది. డాక్టరు తప్పు రాసి చించేసిన మందుల చీటీలు, నర్సులు పోస్టు చేయకుండా నలిపేసిన ఉత్తరాలు, సెలవు చీటీల చిత్తుప్రతులు అన్నీ అక్కడికే చేరేవి. కొత్తగా చేరిన నర్సులకు పాతవాళ్లు ముందే చెప్పేవాళ్లు, గుట్టుగా రాసుకునేది ఏదైనా ఉంటే శనివారం సాయంత్రం చించుకోమని, ఆదివారం ఉతుకు ఉండదని. అంతకుమించి ఆ సంగతి ఎవరూ పట్టించుకునేవాళ్లు కాదు.

సుజన ఆ ఆసుపత్రిలో కంప్యూటరు చూసేది. మద్రాసు నుంచి వచ్చిన ఇంజనీరు ఒకాయన తొంభై ఏడులో మందుల గది పక్కన ఒక సర్వరు పెట్టి, రోగుల కార్డులన్నీ అందులో రాసుకునే ప్రోగ్రాము ఎక్కించి, నెలరోజులు నేర్పించి వెళ్లిపోయినాడు. నేర్చుకున్నది ఇద్దరు, సుజన, ఏంజెలిన్. ఇద్దరూ నెల్లూరులో ఒకే హాస్టలు గదిలో డిగ్రీ చదివినవాళ్లు. ఒకే పళ్లెంలో తినేవాళ్లు. సుజన ఉదయగిరిలో ఉండిపోయింది. ఏంజెలిన్‌కి సొంతూరు ఆత్మకూరులోనే ఆసుపత్రి శాఖలో ఉద్యోగం వచ్చింది. అక్కడి కంప్యూటరు ఫోను తీగ మీదుగా ఉదయగిరి సర్వరుకు తగులుకునేది. మోడెము కీచుమని అరిచి ఊరుకోగానే సుజన తెర మీద ఒక వరస పడేది, ఏంజెలిన్ వచ్చిందని. అది చూసినాకే సుజన తన డబ్బాలో ఇడ్లీలు తినేది.

ఆ వరసలు పడే ఫైలునే లాగ్ అనేవాళ్లు. ఎవరు ఎన్నింటికి వచ్చినారు, ఎవరి కార్డు తెరిచినారు, ఏం దిద్దినారు, ఏం రాసి వద్దనుకున్నారు, అన్నీ దానంతట అదే రాసుకుంటుంది. "లాగు ఏందమ్మా, మిషన్‌కి నిక్కరా?" అని శీనమ్మ నవ్వేది.

ఏ సంగతి ఎక్కడ రాయాలో చెప్పేదానికి సర్వరులో ఒక చిన్న ఫైలు ఉంది. ఎడమపక్క సంగతి, కుడిపక్క అది చేరాల్సిన చోటు. మధ్యలో ఉండాల్సింది ట్యాబు, మామూలు ఖాళీ పనికిరాదు. అది తెలియక మొదట్లో సుజన రెండు దినాలు తల పట్టుకుని కూర్చుంది. ఫైలు దిద్దినాక, మళ్లీ చదువుకోమని ప్రోగ్రాముకు కబురు కూడా పంపాలి. ఇప్పుడు అవన్నీ ఆమెకు చేతివేళ్ల కిందే ఉండేవి.

తొంభై తొమ్మిది మార్చిలో ఒక ఆదివారం చర్చి అయినాక ఏంజెలిన్ ఆమె గదికి వచ్చింది.

"మే సుజీ, నువ్వు ఒక పని చేసిపెట్టాల."

"చెప్పు."

"రాజమోహన్ డాక్టరు సోమవారం సోమవారం నీ లాగ్ ప్రింటు తీయించి చూస్తా ఉండాడు గదా. తొమ్మిదికి రావాల్సినదానివి తొమ్మిదిన్నరకు వచ్చినావని మెమో పంపినాడు. అమ్మకు కాళ్లు పడిపోయినాయి, నీకు తెలుసు. ఆమెకు నీళ్లు పోసి, అన్నం తినిపించి రావాలంటే ఆ మాత్రం కాదా? ఆత్మకూరు లైను రాతలు రాకుండా చెయ్యి."

సుజన కాసేపు ఆలోచించింది. "అన్నీ ఆపేదెందుకు, తప్పులు మాత్రం రాసేట్టు పెడతాలే."

"తప్పులయితే అసలే వద్దు తల్లీ," అని ఏంజెలిన్ నవ్వింది. సుజన కూడా నవ్వింది.

సర్వరులో శూన్యం అనే చోటు ఒకటి ఉంటుంది. అక్కడికి పంపినది ఇక కనపడదు. సుజన ఆత్మకూరు లైను కుడిపక్కన ఆ చోటు రాసింది, కబురు పంపింది. ఫైలు కింద ఆమె పేరు, తేదీ పడినాయి. మరుసటి సోమవారం డాక్టరు, "ఆత్మకూరు ఏమైందమ్మా?" అని అడిగితే, "ఫోను లైను సరిగా లేదు సార్, రాతలు పడడం లేదు," అని చెప్పింది. పుట్టి బుద్ధెరిగినాక పెద్దవాళ్ల ముందర ఆమె ఆడిన మొదటి అబద్ధం అదే.

ఆ వారం నుంచి దుప్పట్ల నిండా ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు తేలడం మొదలైంది. "ఏందమ్మా, మీ మిషన్ చెత్తంతా నా దుప్పట్ల మీదికే వస్తా ఉండాది," అని శీనమ్మ సణిగింది. "కొన్నాళ్లు ఓర్చుకో అవ్వా," అని సుజన వెళ్లిపోయింది. పది దినాలకు కళ్లు అలవాటు పడి ఎవరూ చూడడం మానేసినారు.

మే నెల మొదట్లో వింజమూరు నుంచి పెంచలయ్య అనే రైతును అతని భార్య మస్తానమ్మ బస్సులో తీసుకొచ్చింది. కాలికి ముల్లు గుచ్చుకుని చీము పట్టింది. రెండేళ్ల కిందట అదే ఆసుపత్రిలో అతనికి పెన్సిలిన్ పడలేదు. ఆ మాట అప్పుడే కార్డులో ఎక్కించినారు. నర్సు కార్డు చూసింది, అందులో అట్లాంటి మాట లేదు. టెస్టు డోసు వేసింది. ఆ కాస్త మందుకే పెంచలయ్య ఒళ్లంతా దద్దుర్లు లేచి, గొంతు వాచి, ఊపిరి అందక మంచం మీద నుంచి కింద పడినాడు. డాక్టరు ఆ పక్క వార్డులోనే ఉండబట్టి బతికినాడు. నాలుగు దినాలు ఆక్సిజన్ పెట్టినారు.

మస్తానమ్మ ఏడవలేదు, తిట్టలేదు. వరండా బెంచీ మీద కూర్చుని, వచ్చేపోయే వాళ్లందరినీ ఒకటే అడిగేది. "మేం చెప్పినాం గదా, రాయించినాం గదా, ఆ రాత ఏమైపోయింది?" సుజన కనపడితే మాత్రం మొహం తిప్పుకునేది. కంప్యూటరు పాప తుడిపేసిందని అప్పటికే ఎవరో చెప్పినారు.

కార్డులు దిద్దే అధికారం ఇద్దరికే ఉంది. పద్నాలుగో తేదీ మధ్యాహ్నం డాక్టరు గదిలో విచారణ పెట్టినారు. డాక్టరు రాజమోహన్, ఇద్దరు కమిటీ పెద్దలు, ఆత్మకూరు నుంచి బస్సులో వచ్చిన ఏంజెలిన్. సుజన ఆమె పక్క కుర్చీలోనే కూర్చుంది. కూర్చుంటూ చెయ్యి పట్టుకోబోతే, ఏంజెలిన్ చెయ్యి తీసి హ్యాండ్‌బ్యాగు మీద పెట్టుకుంది.

"నేనయితే ఆ కార్డు తియ్యలేదు సార్," అని సుజన చెప్పింది.

డాక్టరు ఏంజెలిన్ వైపు చూసినాడు.

"నేను ఆత్మకూరు రోగుల కార్డులు తప్ప వేరేవి ముట్టుకోను సార్," ఏంజెలిన్ గొంతు నిలకడగానే ఉంది. "నేను ఏం చేసినానో, ఏం చెయ్యలేదో లాగ్‌లోనే ఉండేది. మార్చి నుంచి నా లైను లాగ్ ఆపేసినారు. ఎవరు ఆపినారో, ఎందుకు ఆపినారో సుజననే అడగండి. ఆ ఫైలు కింద ఆమె పేరు ఉంటుంది. లాగ్ ఆపడం తెలిసిన మనిషికి తన రాతలు తీసేసుకోవడం తెలియదా? మీకేమో ఫోను లైను బాగాలేదని చెప్పిందంట."

డాక్టరు ఫైలు ప్రింటు తెప్పించినాడు. కింద సుజన పేరు, మార్చి నెల తేదీ ఉన్నాయి.

"ఎందుకు ఆపినావమ్మా?"

సుజన ఏంజెలిన్‌నే చూస్తా ఉంది. నువ్వడిగితేనే గదా అనే మాట నాలుక దాకా వచ్చింది. ఆ మాట ఏంజెలిన్ చెపుతుందని ఎదురు చూసింది. ఏంజెలిన్ గోడకున్న క్యాలెండరు చూస్తా కూర్చుంది. తాను ఎవరి కోసం అబద్ధమాడిందో వాళ్లే ఆ అబద్ధాన్ని తెచ్చి తన మెడకు కట్టినారు.

"తను అడిగింది సార్," అని చివరికి అన్నది.

"నేనా?" అన్నది ఏంజెలిన్, మెల్లగా, జాలి పడినట్టు. "అంతమాట అంటావని అనుకోలేదు సుజనా."

హాస్టలు రోజుల నుంచి ఆమె ఎప్పుడూ సుజనా అని పూర్తిగా పిలిచింది లేదు.

కమిటీ పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కాసేపు బయట కూర్చోమని సుజనతో చెప్పినారు. ఏంజెలిన్‌ను మాత్రం ఉండమన్నారు.

సుజన పెరట్లోకి వెళ్లి తీగల మధ్య నిలబడింది. దుర్గం కొండ మీద నుంచి వడగాలి కొడతా ఉంది. దుప్పట్లన్నీ ఎప్పుడో ఎండిపోయి తెల్లగా ఉన్నాయి. శీనమ్మ వాటిని మడతలు పెడతా ఆమెను చూసింది.

"ఉద్యోగం తీసేస్తారంటనా?"

"తీసేస్తే తీసేయనీ అవ్వా. అది కాదు నాకు."

శీనమ్మ మడతలు పెట్టడం ఆపి, "నీకొకటి చూపించాలని రెండు దినాల నుంచి అనుకుంటా ఉండా," అన్నది. "నాకు చదువు రాదు. అయినా కన్ను ఉండాది గదా. మొన్న బుధవారం ఒక దుప్పటి మీద ఒకటే రాత మూడు తూర్లు పడింది. ఒకదాని కింద ఒకటి, అచ్చుగుద్దినట్టు. మూడు తూర్లు రాసి మూడు తూర్లు పారేసినారంటే ఆ మనిషికి అది ఎంత ముఖ్యమో అని, మంచానికి వెయ్యకుండా దాచినాను."

గంగాళంలో నీళ్లు అడుగున కొంచెమే ఉన్నాయి. శీనమ్మ గదిలోంచి దుప్పటి తెచ్చి అందులో ముంచి, పిండకుండా తీగ మీద వేసింది. నీలం అక్షరాలు అంచుల నుంచి నడిమికి నెమ్మదిగా లేచినాయి. ముందు ఆత్మకూరు లైను, ఏంజెలిన్ పేరు, మే పన్నెండు, పది గంటల ఐదు నిమిషాలు. వింజమూరు పెంచలయ్య కార్డు తెరిచింది, మూసింది. తెరిచింది, మూసింది. పదకొండు తూర్లు. దాని కింద ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు, హాస్టల్లో ఇద్దరూ చీటీలు రాసుకున్నట్టే.

సుజీ, ఆ కార్డు నేనే దిద్దినాను. చేజర్లలో ఇంకొక పెంచలయ్య ఉండాడు, ఆయన కార్డులో పొరపాటుగా పడిన మాట తీయబోయి ఈయనది తీసినాను. నాకు భయంగా ఉండాది. డాక్టరుకు నువ్వే చెప్పు.

కింద, రాసినామె పంపకుండా రద్దు చేసిందని ఒక వరస. మళ్లీ అవే మాటలు, మళ్లీ రద్దు. మూడోసారి "నువ్వే చెప్పు" అన్న చోట "నాకు ఈ ఉద్యోగం పోతే అమ్మ" అని రాసి, అక్కడే ఆపి, రద్దు చేసింది.

సుజన రెండోసారి చదివేలోపల పై అంచు ఆరిపోయి ఏంజెలిన్ పేరులో సగం పోయింది. ఆ ఎండకు పది నిమిషాలు కూడా ఆగదు. ఊరికే నిలబడితే చాలు, అంతా తెల్లబడిపోతుంది. ఆమె నిలబడింది కూడా, పేరు పూర్తిగా పోయిందాకా. అప్పుడు వరండా బెంచీ మీద నుంచి మస్తానమ్మ ఎవరినో అడగడం వినిపించింది. "ఆ రాత ఏమైపోయింది?"

సుజన దుప్పటి లాగి మళ్లీ గంగాళంలో ముంచింది. రెండు చేతులతో ఎత్తుకుని, నీళ్లు కారతా వరండా మీదుగా డాక్టరు గదిలోకి నడిచి, ఫైళ్లు పక్కకు జరిపి బల్ల మీద పరిచింది.

డాక్టరు కళ్లజోడు పెట్టుకుని చదివినాడు. చదివినాక దుప్పటి అంచు ఏంజెలిన్ వైపుకు తిప్పినాడు. "ఇది నీ రాతేనా అమ్మా?"

ఏంజెలిన్ మూడు తూర్లూ చదివింది, తనకు తెలియనిది ఏదో చదువుతున్నట్టు. చీర కొంగు తడిసిపోతున్నా జరగలేదు. "నాదే సార్," అన్నది.

ఉద్యోగం పోలేదని సుజనకు చెప్పినారు. డాక్టరుకు అబద్ధం చెప్పినందుకు ఒక మెమో ఇచ్చినారు. ఆత్మకూరు లైను లాగ్ ఆ సాయంత్రమే ఎప్పటిలా ఫైలుకు తిప్పమన్నారు, ఏంజెలిన్ పాస్‌వర్డు తీసేయమన్నారు. సుజన రెండూ చేసింది. ట్యాబుకు బదులు ఖాళీ కొట్టి ఒకసారి తప్పు పోయింది, మళ్లీ దిద్దింది.

నాలుగున్నరకు ఆత్మకూరు బస్సు. ఏంజెలిన్ ఆసుపత్రి గేటు దగ్గర నిలబడి ఉంటే సుజన వెళ్లి ఎదురుగా నిలబడింది.

"రాసింది పంపి ఉంటే నేనే వెళ్లి చెప్పేదాన్ని గదే," అన్నది. "నిన్ను వెనకేసుకుని చెప్పేదాన్ని. తప్పు ఇద్దరిదీ అనేదాన్ని."

"తెలుసు."

"తెలిసి?"

ఏంజెలిన్ రోడ్డు వైపు చూసింది. "నువ్వయితే ఓర్చుకుంటావనుకున్నాను సుజీ. నీకు నాయన ఉండాడు, అన్నలు ఉండారు. ఉద్యోగం పోయినా నీకేం కాదనుకున్నాను. నువ్వు ఎప్పుడూ నా మాట కాదనలేదు గదా, ఇది కూడా కాదనవని."

బస్సు వచ్చింది. ఏంజెలిన్ ఎక్కి అటుపక్క కిటికీ దగ్గర కూర్చుంది. బస్సు మలుపు తిరిగిందాకా సుజన చూసింది. ఆమెకు కోపం రాలేదు. చదువుకున్న మూడేళ్లలో ఏ రోజున ఏంజెలిన్ తనను ఓర్చుకునేదానిగా లెక్క కట్టుకుందో అనే ఆలోచనే తిరుగుతా ఉంది.

వెనక్కి వస్తే వరండాలో మస్తానమ్మ ఉంది. లోపల మంచం మీద పెంచలయ్య దిండుకు ఆనుకుని గంజి తాగుతా ఉన్నాడు. సుజన తల వంచుకుని దాటిపోబోయింది. మస్తానమ్మ బెంచీ మీద ఒక పక్కకు జరిగింది.

"ఇట్రా అమ్మా, కూర్చో."

సుజన కూర్చుంది. గంజి గిన్నె కింద పెట్టిన చప్పుడు అయింది.

"బస్సెక్కి పోయిన ఆ పాప నీ స్నేహితురాలంట గదా," అన్నది మస్తానమ్మ.

కాదని చెప్పేదానికి సుజన నోరు తెరిచింది.

"అవును," అన్నది.