రెండుసార్లు తట్టింది

మా తోడికోడలి కుడి మోచెయ్యి విరగ్గొట్టింది నేనే. విరగలేదు, కీలును పట్టి ఉంచే లిగమెంటు చిరిగింది అన్నాడు డాక్టరు. మా అత్తయ్య మాత్రం ఇప్పటికీ విరిగిందనే అంటుంది, నాకూ ఆ మాటే సరైనదనిపిస్తుంది. చూసినవాళ్ళందరూ అది పొరపాటున జరిగిందనుకున్నారు. పొరపాటు కాదని ఇద్దరికే తెలుసు, ఆమెకూ నాకూ.

పొద్దున్న ఆరింటికి, టైర్ల కొట్టు పైనున్న పెద్ద గదిలో మేం జియు జిట్సు నేర్చుకుంటాం. గుద్దడం, తన్నడం ఉండవు ఇందులో. పట్టుకోవడం, పడెయ్యడం, కదలకుండా అదిమిపెట్టడం, చివరికి చెయ్యో మెడో దొరకబుచ్చుకుని అవతలివాళ్ళ చేత ఓటమి ఒప్పించడం. ఒప్పుకోవడానికి నోరు తెరవక్కర్లేదు. పైనున్నవాళ్ళ ఒంటి మీద రెండుసార్లు తడితే చాలు, వాళ్ళు ఆ క్షణమే వదిలెయ్యాలి. ఆ ఒక్క నమ్మకం మీదే గదిలో అందరూ తమ మెడలు పరాయివాళ్ళ చేతికిచ్చి నిశ్చింతగా పడుకుంటారు.

నాకు బాగా వచ్చింది మౌంట్. అంటే కిందపడ్డవాళ్ళ ఛాతీ మీదికి ఎక్కి కూర్చోవడం. చెబితే చిన్నపిల్లల కొట్లాటలా ఉంటుంది గానీ, ఆ కూర్చోవడంలో చాలా పనుంది. మోకాళ్ళు రెండూ వాళ్ళ చంకల్లోకి పాకించాలి, పాదాలు నడుం కిందికి దోపాలి, మన బరువంతా తీసుకెళ్ళి వాళ్ళ ఊపిరి మీద పెట్టాలి. తొందరపడకూడదు. కిందవాళ్ళు కంగారుపడి రెండు చేతులతో నెట్టడం మొదలుపెడతారు. నెట్టిన ఆ చెయ్యే మనకు కావలసింది. దాన్ని గుండెకు హత్తుకుని, ఒక కాలు వాళ్ళ ముఖం మీదుగా వేసి, వెనక్కి వాలి నడుం ఎత్తితే మోచెయ్యి తిరగబడే దాకా వస్తుంది. అప్పటికి ఎంత మొండివాళ్ళైనా తడతారు. నా బరువు చవిచూసినవాళ్ళు క్లాసులో నాకు రోలు అని పేరు పెట్టారు. మొదట్లో ఒళ్ళు మండేది, తర్వాత్తర్వాత గొప్పగానే ఉండేది.

మా మరిది భార్యను ఈ క్లాసుకు తీసుకెళ్ళిందీ నేనే. ఆమెది సెలూన్లో జుట్టు కత్తిరించే పని. "రోజంతా నిలబడి నిలబడి నడుం పట్టేస్తోందక్కా" అంటే, "రా, నేను సరిచేస్తా" అన్నాను. నా వెనకాలే తిరుగుతుంది, నలుగురిలో "మా అక్క నేర్పింది" అని చెబుతుంది అని లోపల్లోపల ఆశ. అలాగే చెప్పింది కూడా, పాపం. కానీ ఎనిమిది నెలలు తిరిగేసరికి ఆమె ఎవరి కిందా నిలవడం మానేసింది. ఎంత అదిమినా నడుం ఒక్క ఎగురు ఎగరేసి, సందులోంచి మోకాలు దూర్చి, బయటికొచ్చి కిలకిలా నవ్వేది. ఉడుత అని పేరొచ్చింది. అందరూ చప్పట్లు కొట్టేవాళ్ళు. నాలుగేళ్ళుగా చెమటోడ్చి నేర్చుకున్న నాకు ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కడుపు మండింది. ఇప్పుడు ఆ మాట ఒప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు, సిగ్గుపడాల్సింది అంతకంటే పెద్దది ఉంది కాబట్టి.

ఆ రోజు గుమ్మంలో బూట్లు వేసుకుంటూ ఆమె అంది, "అక్కా, ఇవాళ నీ కిందనుంచి కూడా వచ్చేస్తా చూడు."

"ఇంకేం, పెద్దకోడలి పెత్తనం హుళక్కే" అని మా ఆయన పకపకా నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. నేనూ నవ్వాను గానీ ఆ మాట దారి పొడుగునా చెవుల్లోనే ఉంది.

మొదటిసారి కూర్చున్నాను, వెళ్ళిపోయింది. రెండోసారి కూర్చున్నాను, ఈసారి నన్నే పక్కకు దొర్లించి వెళ్ళిపోయింది. "అబ్బో, రోలు కూడా దొర్లిందిరోయ్!" అని ఎవరో అరిచారు. గదంతా గొల్లున నవ్వింది. మూడోసారి నేను బరువు పూర్తిగా వేశాను. ఆమె కంగారుపడి కుడి చేత్తో నెట్టింది. దొరికింది. కాలు వేశాను, వెనక్కి వాలాను.

ఆమె ఎడమ చెయ్యి నా కాలి మీద తట్టింది. ఒకసారి. రెండోసారి. మెల్లగానే, కానీ స్పష్టంగా. తెలియలేదని నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకోబోయానో లెక్కలేదు. అనుకున్న ప్రతిసారీ ఆ వేళ్ళు తగిలిన చోటు గుర్తొచ్చేది. నాకు తెలిసింది. తెలిసి, ఇంకొంచెం నడుం ఎత్తాను. ఎందుకని అడిగితే నా దగ్గర పెద్ద కారణమేమీ లేదు. ఆమె నవ్వు ఒక్కసారి ఆగితే చూడాలనిపించింది. చేతిలో ఏదో పుటుక్కుమంది. అప్పుడు వదిలాను.

మాస్టారు పరుగున వచ్చారు. ఆయన అప్పటిదాకా గదికి అటువైపు ఇంకో జంటను చూస్తున్నారు.

"తట్టిందా?" అని నన్నడిగారు.

నేను ఉడుత వైపు చూశాను. ముఖం పాలిపోయి ఉంది, పెదవి కొరుక్కుంటోంది.

"లేదు మాస్టారూ" అంది. "తట్టలేదు నేను. వచ్చేస్తాననుకున్నా."

అని నా వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. అది ఉంటే ఎంతో బాగుండేది.

ఐసు గుడ్డ కట్టిస్తూనే మాస్టారు అందరినీ చుట్టూ కూర్చోబెట్టారు. "చూశారుగా? పంతానికి పోతే ఇదీ ఫలితం. తట్టడానికి నామోషీ ఏంటమ్మా? మోచెయ్యి కంటే నీ పౌరుషం గొప్పదా? పైనున్న మనిషికి ఎలా తెలుస్తుంది, నువ్వు చెప్పకపోతే?" అని చెడామడా దులిపేశారు. నొప్పితో కళ్ళనీళ్ళు కారుతున్న పిల్ల, తల వంచుకుని అన్నీ పడింది. పక్కనే నేను తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. ఒక్క మాట చాలు. తట్టింది మాస్టారూ, అంటే చాలు. నాలుక చివరిదాకా వచ్చిందని కూడా చెప్పను, రాలేదు.

ఏడు వారాలు చెయ్యి మెడకు వేలాడింది. సెలూన్లో ఆమెను ఫోన్లు ఎత్తే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. ఆమె చేతికే జుట్టు అప్పగించే ఆడవాళ్ళు పక్క కుర్చీ అమ్మాయికి అలవాటు పడుతుంటే చూస్తూ కూర్చునేది. కట్టు విప్పాక కూడా చెయ్యి పూర్తిగా చాపలేకపోవచ్చు అన్నాడు డాక్టరు. రోజంతా మోచెయ్యి ఎత్తి పనిచేసే మనిషికి ఆ మాట అంటే ఏమిటో నాకు విడమరచి చెప్పక్కర్లేదు.

ఇంట్లో ఆమె పనులన్నీ నేనే చేశాను. తల దువ్వాను, బొత్తాలు పెట్టాను, పళ్ళెంలో అన్నం కలిపి చెంచా చేతికిచ్చాను. అత్తయ్య పొంగిపోయింది. బంధువులకు ఫోన్లు చేసి, "మా పెద్దది సొంత చెల్లెల్ని చూసినట్టు చూస్తోందే, ఈ రోజుల్లో ఎక్కడుంటారు ఇలాంటి తోడికోడళ్ళు!" అని నేను వినేలా చెప్పేది. వింటుంటే తల కొట్టేసినట్టుండేది. అయినా ఒక్కసారైనా "చాలు అత్తయ్యా" అనలేదు. పొగడ్త అంటే నాకు అంత కరువు మరి.

ఒకరోజు పొద్దున్న జడ వేస్తూ, ఎలాగో ధైర్యం చేసి, "ఆ రోజు..." అన్నాను.

ఆమె అప్పటిదాకా ఏదో చెబుతోంది, ఆపేసింది. వీపు నిటారుగా అయింది. "ఊఁ, చెప్పక్కా."

దువ్వెన ఆడించాను, మళ్ళీ ఆడించాను. "ఆ రోజు బాగా నొప్పి పుట్టిందా?" అన్నాను.

"పుట్టింది" అంది. నేను జడ అల్లడం పూర్తిచేసి, చివర రబ్బరు బ్యాండు వేశాను.

నేను డ్రైవింగ్ స్కూల్లో నేర్పిస్తాను. నా కాళ్ళ దగ్గర ఇంకో బ్రేకు ఉంటుంది. నేర్చుకునేవాళ్ళు ఏం చేసినా, సమయానికి ఆపడం నా ఉద్యోగం, పదకొండేళ్ళలో ఒక్కసారి తప్పలేదు. ఆ వారమే ఒక పెద్దావిడ, "మీరు పక్కనుంటే నాకు భయమే లేదండీ" అంది. కారు పక్కకు ఆపించి, కడుపులో తిప్పుతోందని చెప్పి కిందికి దిగాను. రోడ్డు పక్కన నిలబడి ఏడ్చాను. ఏడ్చి, ముఖం తుడుచుకుని, మళ్ళీ ఎక్కి రివర్సు నేర్పించాను.

ఇది చాలదన్నట్టు మాస్టారు నన్ను పిలిచి, "వచ్చే నెలనుంచి కొత్తవాళ్ళకు మౌంట్ నువ్వే నేర్పు. నీకున్న నిదానం ఇక్కడ ఎవరికీ లేదు" అన్నారు. వద్దనడానికి వంద సాకులున్నాయి, ఒక నిజం ఉంది. నేను సరేనన్నాను.

కొత్తవాళ్ళ మొదటి క్లాసు రోజునే ఉడుత తిరిగొచ్చింది. చెయ్యి కొంచెం వంగే ఉంది. ఆరుగురు కొత్త ఆడవాళ్ళు గోడ వారగా కూర్చున్నారు. "ఉడుతను బరువు మొయ్యనివ్వద్దు" అన్నారు మాస్టారు. "ఇవాళ తను పైన, నువ్వు కింద. మెల్లగా చేసి చూపించండి."

ఆమె నా ఛాతీ మీద కూర్చుంది. నేను నేర్పినట్టే మోకాళ్ళు చంకల్లోకి పాకించింది. నేను చెయ్యి పెట్టి నెట్టాను. నెట్టలేదు, ఇచ్చాను. ఆమె కాలు నా ముఖం మీదుగా వచ్చింది, వెనక్కి వాలింది. మోచేతి దగ్గర బిగువు మొదలైంది, నొప్పి మొదలైంది. నేను తట్టలేదు. తట్టకూడదని ఇంటి దగ్గరే అనుకుని వచ్చాను. విరగనీ. నాదీ విరిగితే ఇద్దరం సమానమైపోతాం, ఇక నేను ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు.

ఆమె ఆగింది. "తట్టక్కా" అంది మెల్లగా.

"పర్లేదు, ఎత్తు."

"తట్టు."

"ఎత్తమంటున్నానా!"

ఆమె నా చెయ్యి వదిలేసింది. లేచి మళ్ళీ నా మీదికి వంగి, గోడ దగ్గరవాళ్ళకు వినపడకుండా అంది. "నా చేత కూడా ఆ పని చేయిద్దామనా? ఆ రోజు మాస్టారికి ఎందుకు అబద్ధం చెప్పానో తెలుసా? నలుగురిలో అప్పటికప్పుడు నీ పరువు పోకూడదని. ఇంటికెళ్ళాకైనా నువ్వే నోరు విప్పి చెప్తావ్ అనుకున్నా. ఏడు వారాలు జడ వేశావక్కా. రోజూ ఇవాళ చెప్తుంది, ఇవాళ చెప్తుంది అని కూర్చునేదాన్ని. ఇప్పుడొచ్చి నన్ను కూడా నీలాంటిదాన్ని చెయ్యాలని చూస్తున్నావ్."

ఆ మాటకు నాకు ఏడుపు కూడా రాలేదు. ఆమెను పక్కకు జరిపి లేచాను.

"మాస్టారూ, తను ఆ రోజు తట్టింది" అన్నాను. గొంతు నేననుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. "రెండుసార్లు తట్టింది. నాకు తెలుసు. తెలిసే వదల్లేదు."

"ఎందుకు?"

"అందరి ముందూ ఓడిపోతున్నానని."

ఆయన నన్ను తిడితే బాగుండునని కాచుకుని నిలబడ్డాను. తిట్టలేదు. నన్ను దాటుకుని ఉడుత దగ్గరికెళ్ళారు. "నిన్ను అందరి ముందూ తిట్టానమ్మా, తప్పు నాది" అన్నారు. తర్వాత నా వైపు తిరగకుండానే, "కొత్తవాళ్ళ క్లాసు నేనే చూసుకుంటా. నువ్వు రావాలనుకుంటే రా. నీతో జంట కట్టడానికి ఎవరైనా ఒప్పుకుంటే సరే" అన్నారు.

జంటలు కట్టమన్నారు. నేను నేల మీద పరిచిన చాప అంచున నిలబడ్డాను. నాలుగేళ్ళుగా నాతో జంట కట్టినవాళ్ళు తలలు తిప్పుకున్నారు. కొత్తవాళ్ళలో ఒకామె నేను దగ్గరికి వస్తానేమోనని రెండడుగులు వెనక్కి జరిగింది. ఆమెదేం తప్పు లేదు, నేనైనా జరుగుతాను. బ్యాగు తీసుకుని వెళ్ళిపోదామనుకున్నాను. భూమి చీలితే దూరిపోయేదాన్ని.

ఉడుత వచ్చింది. నా ముందు వెల్లకిలా పడుకుంది.

"ఎక్కక్కా."

"వద్దమ్మా. నీ చెయ్యి..."

"చెయ్యి సంగతి నేను చూసుకుంటా. ఇంటికెళ్ళాక ఇద్దరం ఒకే వంటగదిలో తిరగాలి కదా. ఎక్కు."

ఎక్కాను. బరువు వెయ్యడానికి మనసు రాక మోకాళ్ళ మీదే ఆనుకున్నాను. "ఇదేం కూర్చోవడం, దూదిమూటలాగ? సరిగ్గా కూర్చో" అని నవ్వబోయింది. అంతమంది చూస్తుండగా ఆ పిల్ల నాకోసం నవ్వు తెచ్చుకుంటోంది. నేను కొద్దికొద్దిగా బరువు దించాను. ఆమె నేర్చుకున్న ప్రకారం కుడి చెయ్యి ఎత్తి నా ఛాతీ మీద పెట్టి నెట్టింది. ఆ చెయ్యి పూర్తిగా సాగడం లేదు. నేను ఆ మణికట్టు వైపు చెయ్యి చాపాను, వేళ్ళ కొసలు తగిలాయంతే.

ఆమె ఎడమ చెయ్యి నా కాలి మీద టపటపా కొట్టింది. రెండుసార్లు కాదు, నాలుగైదుసార్లు.

ఇద్దరం ఆ చేతినే చూశాం. "అయ్యో, నేను కొట్టలేదక్కా, అదే కొట్టుకుంది" అంది. ముఖంలో నవ్వు ఆగిపోయింది.

"వదిలేశానమ్మా, వదిలేశాను" అన్నాను. నిజానికి నేనింకా పట్టుకోనేలేదు.