గట్టు మీద అంబటాళ్ల

చెప్పేయాలి, పెరుగన్నం దాకా వచ్చేలోపే చెప్పేయాలి, అవ్వా, నేను ఈ సాయన్ననే పెళ్లి చేసుకుంటాను అని, బోధన్ రోడ్డు దిగి చెరుకు తోటల మధ్య బండిబాటలో స్కూటీ ఎగిరెగిరి పడుతుంటే తలలో ఇదొక్కటే తిరుగుతోంది, వెనక కూర్చున్న అవ్వ, నన్ను కన్నతల్లి, నా నడుం గట్టిగా పట్టుకుని, నిమ్మలంగ తోలు పిల్లా, హోటలని జెప్పి చెరుకుల పడగొడ్తవా ఏంది, అంటోంది, నిన్న మోర్తాడ్ బస్సు దిగినప్పటి నుంచీ ఆమెకు ఇదొక నవ్వులాట, తినడానికి నిజామాబాద్ విడిచి చేన్లోకి పోవడమేంటని, టౌన్లో డాక్టర్లు కూడా కార్లేసుకుని వస్తారవ్వా, పొద్దున తెంపింది పొద్దున్నే వండి పదిన్నరకు పెడతారు, టిఫినూ కాదు భోజనమూ కాదు, అంటే, గది అంబటాళ్లనే గదనే, కూలోళ్లం దినాం తినేటిదే, గా దానికి కార్లా, అని పకపకా నవ్వింది, నాకూ నవ్వొచ్చింది.

బెల్లం వండుతున్న వాసన ముందే ఎదురొచ్చింది, సాయన్న తన చేన్లోనే పెట్టిన హోటల్, మామిడిచెట్ల కింద బల్లలు, కుర్చీలు, ఒక కారు కుటుంబం, పొయ్యి దగ్గర సాయన్న వాళ్లమ్మ భూమవ్వ రొట్టె కొడుతున్న చప్పుడు, నిరుడు మా బడి పిల్లల్ని ఇక్కడికే తీసుకొచ్చాను, పసుపు మట్టిలో కాస్తుందా చెట్టుకు కాస్తుందా అని ఒకడు అడిగితే సాయన్న నవ్వకుండా మొక్క తవ్వి చూపించాడు, ఆ నవ్వకపోవడమే నన్ను పడేసింది, ఇంతకీ అవ్వేది, స్కూటీ స్టాండు వేసి తిరిగేసరికి లేదు, కొంగు బొడ్లో దోపి పసుపు మడిలో దిగిపోయింది, తవ్వుతున్న ఆడవాళ్ల పక్కన గొంతుక్కూర్చుని గడ్డలకంటిన మట్టి దులుపుతూ, చేనెవరిదే, రొట్టెలెవరు గొడ్తున్నరే, అని వాళ్లను అడుగుతోంది, అవ్వా, మనం తినడానికొచ్చాం, పైకి రా, కారువాళ్లు చూస్తున్నారు, అంటే, చూడనియ్యి, చేనుకాడికొచ్చి చెయ్యి మురికిగాకుంట ఎట్ల తింటమే, అంది, సిగ్గుతో నా చెవులు కాలాయి, అంతలో సాయన్న వచ్చాడు, ఆపుతాడనుకున్నాను, అవ్వా, గంప గిదిగో, అని పక్కన పెట్టి వెళ్లాడు, అప్పుడు చూశాను అవ్వ చేతుల్ని, అరవై దాటిన ఆ వేళ్లు గడ్డ నుంచి కొమ్ముల్ని పుటుక్కు పుటుక్కుమని విడదీస్తుంటే మృదంగం వాయించినట్టుంది, కారులో వచ్చిన ఆవిడ కూడా టీ మరిచిపోయి చూస్తోంది, మా అవ్వ, శారమ్మ, అని గట్టిగా చెప్పాలనిపించింది.

కానీ చేతులు కడుక్కుని ఆమె బల్ల దగ్గరికి రాలేదు, మోదుగాకు విస్తరి ఒళ్లో పెట్టుకుని కాలువ గట్టు మీద కూర్చుంది, నా చిన్నప్పుడు భూములున్న పటేండ్ల చేన్లలో కూలోళ్లు ఇలాగే గట్టు మీద కూర్చునేవాళ్లు, మా అంటు తగలకుండా పైనుంచి పడేసిన జొన్న గట్క విస్తట్లో చిందితే అవ్వ నా మొహానికి కొంగు అడ్డం పెట్టేది, ఇంట్లో గొంతెత్తి ప్రార్థన చేసే మనిషి అక్కడ కండ్లు మూసుకుని పెదవులైనా కదపకుండా తినేది, ఇంటి ప్రార్థనలో కంచం ముందున్న మా అందరి పేర్లూ వచ్చేవి, బయటివాళ్లుంటే వచ్చినోళ్లను దీవించు అని ఒక్క మాటలో కానిచ్చేది, అవ్వా, నీ కాళ్లు మొక్కుతా, కుర్చీలో కూర్చో, అంటే, గా కుర్సీల పెండ్లిపిల్ల తీర్గ కూసోవాల్నా, గిక్కడ గాలొస్తుంది, నువ్వే రా, అంది, అది పాత భయమా నిజంగా గాలేనా, నాకు తేల్చుకోవడం రాలేదు.

రొట్టెల గంప పట్టుకుని సాయన్న వస్తున్నాడు, లేచి కుర్చీలోకి రమ్మంటే ఆమె చిన్నబోతుంది, నిలబడి వడ్డిస్తే నేను చచ్చిపోతాను, ఏం చేస్తాడు ఇతను, ఏం చేస్తాడు, గంప తెచ్చి అవ్వ పక్కన పెట్టాడు, కూర గిన్నెలూ పెట్టాడు, తను గట్టు కిందికి దిగి కాలువలో కాళ్లు పెట్టుకుని కూర్చుని ఖాళీ విస్తరి చాపాడు, పెట్టవ్వా, పొద్దుగాల్నుంచి ఏం తినలే, అని, అవ్వ అతన్ని కిందికీ మీదికీ చూసింది, ఇంత పెద్ద చేను పెట్టుకోని ఉపాసముంటవా, అని రెండు జొన్నరొట్టెలు వేసింది, వంకాయ, అనపకాయ కూర, పండుమిరప తొక్కు, ఇంకా వేడి తగ్గని బెల్లం ముక్క, పక్కన కూర్చున్న నాకూ వేసింది, అతను తుంచబోతే, ఆగు పటేలా, ప్రార్థన గాకుంట మేం ముట్టం, అంది, అతను చెయ్యి వెనక్కి తీశాడు.

గొంతెత్తింది, పరాయి చేనులో, కారువాళ్లు వింటుండగా, ఇంట్లో ఎత్తినంత గట్టిగా, ఏసయ్యా, గీ రొట్టెను దీవించు, నా బిడ్డ కరుణను దీవించు, అని ఆగింది, పొయ్యి దగ్గర రొట్టె చప్పుడూ ఆగింది, ఇప్పుడు వచ్చినోళ్లు అంటుంది, అనేస్తుంది, నేను కండ్లు తెరవలేదు, పొయ్యి సెగకు మాడుతున్న భూమవ్వను దీవించు, ఆకలితోని కూసున్న సాయన్నను దీవించు, ఆమేన్, ఇగ తినుండ్రి, సల్లగైతయి, అంది, రొట్టె తుంచి తొక్కులో అద్దుకున్నాను, కండ్లలో నీళ్లకు తొక్కు మీద నెపం పెట్టొచ్చు, ఇన్నేళ్లూ అవ్వను గట్టు మీది నుంచి ఎలా లేపాలా అని ఆలోచించాను, ఆమె లేవనే లేదు, మమ్మల్నందర్నీ పేరు పెట్టి పిలిచి గట్టునే ఇల్లు చేసేసింది, ఇక సాయన్న సంగతి చెప్పడానికి పెరుగన్నం దాకా ఆగక్కర్లేదు.