ఆవిడ కూర్చున్న వీడియో

“ఒక్కచోట కూర్చున్నది దొరికితే చాలమ్మా. నా పక్క కుర్చీలో పెట్టెయ్,” అని మాస్టారు చాలా తేలిగ్గా అనేసి వెళ్ళారు. కూతురి పెళ్ళి వీడియోలో ఆయన పక్క కుర్చీ ఖాళీ. భార్య పోయి ఎన్నాళ్ళో కాలేదు. కింద పెళ్ళి వీడియో పరిచి, పాత వీడియోలోంచి ఆవిడని కత్తిరించి దాని మీద పొరలా అతికించాలి. స్టూడియో మొగుడిది, బోర్డు మీద పేరూ మొగుడిదే. అతికించే పని మాత్రం ఆ ఇంటి కోడలిది. అదీ పొద్దున్నే ఇంటెడు చాకిరీ ముగించుకొచ్చాక.

మాస్టారిచ్చిన పాత వీడియోలన్నీ గాలించింది. ఆవిడ ఉంది, లేకేం! ట్రే పట్టుకుని అడ్డంగా పోతూ ఉంది. ఎంగిలి పళ్ళేలు తీస్తూ ఉంది. ఒకచోట కెమెరా కేసి తిరిగి నవ్వబోయింది కానీ, ఎవరో పిలిచేసరికి వంటింట్లోకి పరుగెత్తింది. పార్కులో అందరూ దుప్పటి మీద చేరగిలబడితే ఆవిడ నిలబడి వడ్డిస్తోంది. ఒక్కసారైనా కూలబడలేదా తల్లీ, అని కోడలు స్క్రీన్‌తోనే తగువు పెట్టుకుంది.

ఫోన్ చేస్తే మాస్టారు మురిసిపోయారు. “కూర్చునే మనిషా అది! కాలు నిలిచేది కాదమ్మా. అలాంటి ఇల్లాలు దొరకడం నా అదృష్టం.”

కోడలికి ఒళ్ళు మండింది. ఆ మంట చల్లారకముందే భయం పట్టుకుంది. గబగబా తన ఇంటి వీడియోలు తెరిచింది. పాప పుట్టినరోజున కేకు పక్కన తన మోచెయ్యి ఉంది. ఆడపడుచు వచ్చినప్పటి దాంట్లో తలుపు దగ్గర సగం వీపు. “మా కోడలు బంగారం, పిలిచేలోపే లేచి నిలబడుతుంది,” అని అత్తగారి గొంతు, చుట్టూ నవ్వులు. ఆ నవ్వుల్లో తనదీ ఉంది, ఛీ! ఇంకోటి తెరిచింది, ఇంకోటి. రేపు తను పోతే పాప పక్కన పెట్టడానికి ఒక్క ముక్క దొరకదు. అమ్మ ఎలా ఉండేదని పాప అడిగితే మోచెయ్యి చూపిస్తారు కాబోలు. ముందు గదిలో జనం ఉన్నారని నోటికి చెయ్యి అడ్డుపెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

మొగుడొచ్చి చూశాడు. “దీనికింత రాద్ధాంతమా? నువ్వు కూర్చో. ఒళ్ళు నీది, మొహం ఆవిడది. ఎవడు కనిపెడతాడు?”

మర్నాడు మాస్టారు భార్య శాలువా తెచ్చారు. కోడలు అది కప్పుకుని ఆకుపచ్చ తెర ముందు కుర్చీలో కూర్చుంది. నిద్ర లేచాక కూర్చోవడం అదే మొదలు. కాళ్ళు జివ్వుమని లాగాయి.

“కదలకు. చేతులు ఒళ్ళో పెట్టుకో. ఆఁ, అలా తీరిగ్గా!” అన్నాడు మొగుడు. తీరిగ్గా అనే మాట ఆ నోట్లోంచి రావడం పెళ్ళయ్యాక ఇదే వినడం.

ఆవిడ మొహం కోడలే ముందుగా కత్తిరించి ఉంచింది. మొగుడు మీట నొక్కగానే, ఎదురుగా స్క్రీన్‌లో తన మొహం మాయమై ఆవిడ మొహం వచ్చింది. మెడ సరిపోయింది. వంగిన భుజాలూ సరిపోయాయి. ఎక్కడా అతుకు లేదు.

“అచ్చం తనే,” అని మాస్టారు కళ్ళు తుడుచుకున్నారు.

“ఇక చాలు, లే. మాస్టారికి టీ పెట్టు,” అన్నాడు మొగుడు.

పాడు అలవాటు, చేతులు వాటంతటవే కుర్చీని పట్టుకున్నాయి. స్క్రీన్‌లో ఆవిడ భుజాలూ లేచాయి. అది చూసి కోడలు ఆగిపోయింది. మెల్లిగా వెనక్కి జారగిలబడి, చేతులు మళ్ళీ ఒళ్ళో పెట్టుకుంది.

“నిన్నే! లేవమంటుంటే?”

“టీ మీరు పెట్టండి,” అంది కోడలు, స్క్రీన్ మీంచి చూపు తిప్పకుండా. “ఆవిడ ఇప్పుడేగా కూర్చుంది.”