మూగదని పారేసిన పెట్టె

నేను ఒక పెట్టెను. కారులో బ్రేకుల సంగతి, గట్టిగా నొక్కితే చక్రాలు జారకుండా చూసుకునే కంప్యూటరును. పరిమాణం అరచేతికి కాస్త ఎక్కువ, పరువు ఎవరికీ తక్కువ కాదు. ఫ్యాక్టరీలో నన్ను ఇంజను పక్కన బిగించి, మెలిపెట్టిన రెండు తీగలు తగిలించారు. స్టీరింగు పెట్టె, మీటర్ల పెట్టె, నేను, అందరం ఆ తీగల మీదే మాట్లాడుకుంటాం. చక్రాలు ఎంత వేగంగా తిరుగుతున్నాయో వాళ్ళకు చెప్పేది నేనే. ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్ళం వింటాం. మనుషులు కనిపెట్టిన పద్ధతే. వాళ్ళెందుకు వాడుకోరో తెలియదు.

మొదట ఒక ప్లీడరుగారి దగ్గర ఉన్నాను. ఆయన నాకంటే హారన్‌నే ఎక్కువ నమ్మేవాడు. తరవాత అనకాపల్లి టాక్సీ డ్రైవరు గౌరినాయుడి చేతికొచ్చాను. అతని భార్య పైడమ్మను వారానికి రెండుసార్లు డయాలసిస్‌కు విశాఖపట్నం తీసుకెళ్ళాలి. ఒకప్పుడు ఆమె కాళ్ళు వాస్తున్నాయంటే, "నడిస్తే తగ్గిపోద్దిలే" అన్నాడట. అతని చెవికెక్కేసరికి కిడ్నీలు చేతులెత్తేశాయి. అప్పట్నుంచీ రోడ్డు కంటే అద్దంలో వెనకసీటునే ఎక్కువ చూస్తాడు.

ఒక ఉదయం ఆసుపత్రికి వెళ్తుండగా మీటర్ల దగ్గర హెచ్చరిక దీపాలన్నీ ఒక్కసారి వెలిగాయి. స్పీడు ముల్లు పడిపోయింది, స్టీరింగు బిగుసుకుంది. గౌరినాయుడు ఎలాగో బండిని ఎలక్ట్రీషియన్ ఖాదర్ వలీ షెడ్డుకు చేర్చాడు.

వలీ మా పెట్టెలన్నిటినీ పలకరించే స్కానర్ తగిలించాడు. "అందరూ పలుకుతున్నారు గౌరన్నా. బ్రేకు పెట్టె ఒక్కటే మూగబోయింది. మార్చేద్దాం."

"బేగి కానియ్ బాయ్! ఇయాల డయాలసిస్ తప్పితే పైడికి ఊపిరాడదు."

తీర్పు తేలిగ్గా వచ్చింది. నన్ను ఊడదీసి పాత ఇనుము తొట్టిలో పడేశారు. గుద్దుకుపోయిన వేరే కారులోంచి నాలాంటి పెట్టెనే తెచ్చి బిగించారు. అదీ పలకలేదు.

టైరు మీద కూర్చున్న పైడమ్మ ఆయాసపడుతూ అంది: "దీనికీ మాట పోనాదేటి బాయ్? అది సెప్తానే ఉందేమో. మనకే ఇనపడ్డం నేదేమో."

గౌరినాయుడు తల దించుకున్నాడు.

వలీ ఈసారి పెట్టెను వదిలి, నాకు తగిలించే ప్లగ్గు దగ్గర మీటరు పెట్టాడు. తీగ తెగినట్టు చూపించింది. రబ్బరు తొడుగు లాగితే లోపల పచ్చటి తుప్పు.

"ఏం పోశావన్నా ఇక్కడ?"

"నానేటి పోస్తాను? దసరాకి బానెట్ మీద కొబ్బరికాయ కొడతాను గదా, ఆ నీళ్ళే."

"ఒక్క కాయకే ఇంత తుప్పా?"

"పైడికి జబ్బు సేసిన కాడ్నించి రెండు కొడతన్నాను."

మనిషికి తీర్థం, తీగకు తీరని రోగం. వలీ కుళ్ళిన పిన్నులు మార్చి, నన్ను తొట్టిలోంచి తీసి, తుడిచి, మళ్ళీ బిగించాడు. తప్పు నాది కాదు, తుప్పూ నాది కాదు. పోయింది మాట కాదు, బాట. ఎవరూ క్షమాపణ అడగలేదు; నేనూ ఎదురుచూడలేదు. ఆ పూట పైడమ్మ వేళకు చేరింది.

ఈ దసరాకు గౌరినాయుడు కాయలు బండికి దూరంగా, రోడ్డుపక్క రాతి మీద కొట్టాడు. ఇప్పుడూ రెండే.

మొన్న దారిలో వెనకనుంచి సన్నగా వినిపించింది: "మావా, కాళ్ళు బరువెక్కుతన్నాయి."

అతను బండిని మెల్లగా పక్కకు తీశాడు. అంత మెల్లగా ఆపడానికి నా అవసరం పడలేదు. దిగి, వెనక తలుపు తీసి, నేలమీద చతికిలబడి ఆమె పాదం ఒళ్ళో పెట్టుకున్నాడు. బొటనవేలితో నొక్కి చూశాడు.

"సెప్పు పైడీ," అన్నాడు.

చక్రాలు ఆగాయని మావాళ్ళందరికీ చెప్పి, నేనూ వింటూ ఉండిపోయాను.