కిటికీలో విల్‌ఫ్రీడ్

జర్మనీలోని మా ఊరు గోస్లార్‌కి వచ్చిన పర్యాటకుడు మా కిటికీని ఫొటో తీయకుండా బజారు దాటడు. నా చేత తిట్లు తినకుండా కూడా దాటేవాడు కాదు లెండి. కిటికీ గట్టు మీద దిండు వేసుకుని, మోచేతులు ఆనించి, నేనూ మా ఆయన విల్‌ఫ్రీడ్ రోజూ వచ్చేపోయేవాళ్లను చూసేవాళ్లం. కెమెరా కనపడితే చాలు, నేను మొహం తిప్పుకుని అరిచేదాన్ని. ఆయన మాత్రం నవ్వేవాడు.

"పోనీవే, మనల్నేమన్నా మూటగట్టుకుపోతారా?" అనేవాడు.

ఏప్రిల్లో ఆయన పోయాడు. ఇల్లంతా వెతికితే దొరికిన ఫొటోలన్నీ పాతవే, మీసం నల్లగా ఉన్ననాటివి. నాకు ఫొటోలంటే పడదని ఆ తర్వాత ఎవరూ తీయలేదు. చివరి రోజుల మొహం ఒక్కటీ లేదు.

మొన్న రొట్టెలు కొనుక్కుని వస్తుంటే, టోర్బెన్ ఫొటో దుకాణం అద్దం వెనక పెట్టిన బొమ్మలో మా కిటికీ కనపడింది. అందులో మేమిద్దరం. ఆయన నవ్వుతున్నాడు, తెల్లమీసంతో సహా. నా మొహం సంగతి వదిలేయండి. రొట్టెల సంచీతోనే లోపలికి పరుగెత్తాను.

ఊరి కేలండర్లకు ఫొటోలు తీసే ఆ కుర్రాడు నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు. మొహంలో నెత్తురుచుక్క లేదు.

"తప్పయిపోయిందండీ, బ్రింక్‌మన్ గారూ."

"ఏం తప్పు?"

"మిమ్మల్ని అడక్కుండా పెట్టాను. కేసూ గీసూ వద్దండీ."

"కేసేమిట్రా? ఆ బొమ్మ నాకు..."

"తెలుసండీ, మీకిష్టం ఉండదు. చెత్తడబ్బా గొడవ ఊళ్లో ఎవరు మర్చిపోయారు?"

పక్కింటివాళ్లు చెత్తడబ్బా ఒకరోజు ఆలస్యంగా లోపల పెట్టుకున్నారని నేను మున్సిపాలిటీకి ఫిర్యాదు చేసిన మాట నిజమే. దానికీ మా ఆయనకూ ఏం సంబంధమో నా బుర్రకెక్కలేదు. వాడు అద్దం వెనకనుంచి బొమ్మ తీశాడు. చుట్టి నాకివ్వడానికే అనుకుని సంచీ తెరిచాను కూడా. తీసుకెళ్లి కాగితాలు ముక్కలు చేసే యంత్రంలో పెట్టాడు. కొత్తది అచ్చువేసి ఇస్తాడు కాబోలు అనుకున్నాను. కంప్యూటర్ ముందు కూర్చుని టకటకా నొక్కాడు.

"చూశారుగా, మీ కళ్లముందే. మీరిద్దరూ ఉన్నవన్నీ చెరిపేశాను. ఇంకెక్కడా లేవు. కేలండర్ కోసం మనుషుల్ని తీసేసి తయారుచేసిందొక్కటే ఉంచాను."

తెర నా వైపు తిప్పాడు. మా కిటికీ. మేమూ లేము, దిండూ లేదు. పూలకుండీలు మాత్రం కులాసాగా ఉన్నాయి. ఈ పిల్లాడికి నేనేం అపకారం చేశాను? కళ్లజోడు తుడుచుకుని దగ్గరగా చూశాను. తెరిచిన కిటికీ రెక్క అద్దంలో మసగ్గా ఏదో ఉంది. ఒక చెవి. దాని పైన, నేనే వంకరగా కత్తిరించిన తెల్లజుట్టు.

టోర్బెన్ కూడా అటే చూశాడు.

"అయ్యో, నీడ మిగిలిపోయిందండీ. క్షణంలో తీసేస్తా."

వాడి చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. రొట్టెలు కిందపడి దొర్లాయి.

"ముట్టుకోకు. మా ఆయన్రా అది. ఆ ఫొటో అడుగుదామనే వచ్చాను. అడగనిచ్చావా నన్ను?"

"ఫొటో కావాలా? మీకా?"

"నాకే."

వాడు నా వంకా తెర వంకా అయోమయంగా చూశాడు.

"చెవొక్కటే ఉందండీ," అన్నాడు మెల్లగా.

"అదే ఇవ్వు," అన్నాను.