మేవిస్ కొట్టిన ఊఁ

మేవిస్ చెల్లెలు పోయి నాలుగు నెలలు. పేరు చెప్పను, చెప్పకూడదు; మా ఎడారి జనంలో సంతాపం తీరేదాకా పోయినవాళ్ళ పేరు పలకకూడదు, బొమ్మ చూడకూడదు, గొంతు వినకూడదు. అదే పేరున్న దుకాణం అమ్మాయిని కూడా ఇప్పుడు మేమంతా కున్మనారా అనే, అంటే పేరు పలకరాని మనిషి అనే, పిలుస్తున్నాం. పోయినవాళ్ళ ఇంట్లో ఉండకూడదు కాబట్టి మేవిస్ ఆ ఇల్లు వదిలేసి, చెల్లెలి కూతురు షనీకాని చంకనేసుకుని తమ్ముడు క్లైవ్ ఇంటికి చేరింది. రెండు గదులు, పదకొండు మంది, ఒక్క కుళాయి. డయాలసిస్ కోసం చెల్లెల్ని పట్నానికి తిప్పి తిప్పి, ఆపైన మట్టి చేసి, మేవిస్ ఒళ్ళు హూనమైపోయింది. ఇప్పుడామె కోరేది ఒక్కటే. సంతాపం ముగిసిందని పెద్దలు చెప్పేదాకా ఆ పిల్ల చెవిన తల్లి గొంతు పడకూడదు. ఆరేళ్ళ పిల్ల, ఇప్పుడిప్పుడే కాస్త కడుపునిండా తింటోంది.

సరిగ్గా అప్పుడే దిగింది ఇంగ్రిడ్, సినిమాలు తీసే మనిషి. రెండేళ్ళ క్రితం ఆరు వారాలు ఇక్కడే ఉండి మా కష్టాల మీద సినిమా తీసింది. అందులో తల్లి వేషం చెల్లెలిదే. పట్నంలో జనం చూసి కళ్ళు తుడుచుకున్నారట. తుడుచుకోనీ, మాకేం! ఈసారి అనుమతి కాగితాల కట్ట పట్టుకొచ్చి మేవిస్ ఎదుట ఇసుకలో చతికిలబడింది.

"ఆంటీ, సినిమా ఇక్కడ మీవాళ్ళకి వేసి చూపిద్దామా?"

"ఊఁ."

"మీ చెల్లెలి ముఖం ఉంచినా ఫర్వాలేదా?"

"ఊఁ."

"గొంతు కూడా?"

"ఊఁ."

మేవిస్ మొహం పక్కకి తిప్పేసుకుని, పుల్లతో ఇసుకలో గీతలు గీస్తూనే ఉంది. అంతకన్నా గట్టిగా కాదనడం మాలో ఎవరికి చేతనవును? ఊఁ అంటే విన్నాను, ఇక వెళ్ళిరా అని. తెల్లవాళ్ళకి అడ్డం చెబితే ఇంకో కాగితం తీస్తారు. నిజంగా ఒప్పించుకోవాలంటే టీ తాగి వెళ్ళాలి, మర్నాడు రావాలి, వరసైనవాళ్ళ చేత అడిగించాలి. ఆరు వారాలు మాతో కూర్చుని కంగారూ తోక తిన్న మనిషికి ఈమాత్రం తెలియకపోతే ఏమనుకోవాలి!

"సంతకం పెట్టేశావా అక్కా?" అన్నాడు క్లైవ్ సాయంత్రం.

"పెట్టకపోతే కదిలేలా లేదురా."

"ఇంకా నయం, కప్పుకున్న దుప్పటి ఇమ్మనలేదు. దానికీ ఊఁ కొట్టేదానివి."

"నోర్ముయ్. మొహం తిప్పుకున్నానుగా, చూసే ఉంటుంది. చెల్లి కనబడే ముక్కలన్నీ తీసేసి వేస్తుందిలే."

ఆ నమ్మకంతోనే శుక్రవారం మధ్యాహ్నం షనీకాని వెంటబెట్టుకుని సినిమా వేస్తున్న హాలుకి వెళ్ళింది. కిటికీలకు దుప్పట్లు కట్టారు, బయట సాసేజీలు కాలుస్తున్నారు. పోయినవాళ్ళు కనిపించవచ్చని మొదట తెర మీద ఇంగ్లీషులో ఏదో రాసి వేశారట. చదివేలోపే అది పోయింది. ఆ వెంటనే గోడంత ముఖంతో చెల్లెలు. మా భాషలో, నవ్వుతూ, "రా తల్లీ, తినిపోదువుగాని!" అంది.

ఆడవాళ్ళంతా ఒక్కసారి గొల్లుమన్నారు. ముఖాలు కప్పుకుని, కుర్చీలు తన్నుకుంటూ తలుపు దగ్గరకు తోసుకున్నారు. మేవిస్ ఆపేలోపే షనీకా చెయ్యి విడిపించుకుని తెర దగ్గరికి పరిగెత్తింది.

"ఆపు! ఆపవే!" అని అరిచింది మేవిస్.

బొమ్మ ఆరిపోయింది. ఇంగ్రిడ్ ముఖం పాలిపోయింది. "మీరు సరేనన్నారు కదా ఆంటీ! అన్నిటికీ ఊఁ అన్నారు కదా!"

"విన్నానన్నానమ్మా. విన్నానని మాత్రమే అన్నాను."

ఇంగ్రిడ్ ఏడ్చింది. ఆమెను తిట్టడానికి కూడా మేవిస్‌కి ఓపిక లేదు. తప్పు ఆమెదో తనదో తేల్చుకునే ఓపిక అంతకన్నా లేదు. రేపు పెద్దల ముందు నిలబడి జవాబు చెప్పాల్సింది మాత్రం తనే. మెల్లగా వెళ్ళి తెల్లబడ్డ తెర ముందు పిల్ల పక్కన కూలబడింది.

"పెద్దమ్మా, అమ్మని ఇంకోసారి పిలవమనవా?" అంది షనీకా. "ఈసారి పరిగెత్తుకుంటూ వచ్చేస్తాను."

నాలుగు నెలలుగా ఈ పిల్లకి ఎవరూ చెప్పని మాట, చెప్పడానికి నోరు రాని మాట ఒకటుంది.

"పిలవదమ్మా," అంది మేవిస్. "అమ్మ ఇంక పిలవదు."