హారన్‌కి పరిగెత్తుకొచ్చే పిల్ల

సాలూరులో లారీ డ్రైవర్లకు కొదవ లేదు. వాళ్ల గొప్పలకు అసలే లేదు. ఒకడు ఘాట్ రోడ్డులో బ్రేకు తొక్కకుండా దిగానంటాడు, ఇంకొకడు రాయపూర్‌కి ఎక్కడా కునుకు తీయకుండా వెళ్లొచ్చానంటాడు. ఎల్లాజీ గొప్ప మాత్రం కూతురు దేవి గురించి. కిరాయికి వెళ్లి తిరిగొచ్చినప్పుడల్లా లారీని ఇంటి గోడకు ఆనుకునేంత దగ్గరగా తెచ్చి, ఇంజను ఆపకుండా హారన్ కొట్టేవాడు. వీధి కుక్కలు లేచి మొరిగేవి, ఎదురింటి ముసలాయన తిట్లు లంకించుకునేవాడు. లోపల నేల మీద ఆడుకుంటున్న దేవి బొమ్మ పారేసి గుమ్మంలోకి పరిగెత్తుకొచ్చేది.

"సూసినారా! నా కూతురు నా హారన్ గుర్తుపడతాది. రోడ్డు మీద ఇంకెవుడు కొట్టినా కదల్దు" అని వీధంతా వినేలా చెప్పేవాడు. ఆ రెండో మాటలోనే అంతా ఉంది. చెప్పేవాడికి అర్థం కాలేదు, వినేవాళ్లకూ కాలేదు.

దేవికి రెండేళ్లప్పుడు అంగన్‌వాడీ లక్ష్మణమ్మ ఇంటికొచ్చింది. పిల్ల పిలిస్తే పలకడం లేదు, ఒకసారి చెవులు పరీక్ష చేయించమంది. ఎల్లాజీకి తల కొట్టేసినట్టయింది. ఆమెను వీధిలోకి పిలిచి, క్యాబిన్ ఎక్కి, బండి స్టార్ట్ చేసి హారన్ కొట్టాడు. దేవి పరిగెత్తుకొచ్చింది. వీధి జనం గొల్లుమన్నారు.

"నా కూతురు సెవిటిదేటి? ఇంకోసారన్నావంటే బాగోదు, సెప్తన్నాను" అన్నాడు.

లక్ష్మణమ్మ వెళ్లిపోయింది. మళ్లీ ఆ గడప తొక్కలేదు.

నాలుగేళ్లు దాటినా దేవికి మాట రాలేదు. ఎల్లాజీ తల్లి గున్నమ్మ దానికీ జవాబు సిద్ధం చేసుకుంది. "ఈడికీ అయిదో ఏట గానీ మాట రాలేదు. వచ్చినాక ఆగిందేటి?" అనేది. ఎల్లాజీ భార్య ఈశ్వరికి మాత్రం లోపల పీకుతూనే ఉండేది. పిల్ల వెనక్కి వెళ్లి పిలిచి చూసేది. ఒక్కోసారి తిరిగేది, ఒక్కోసారి లేదు. మొగుడితో అంటే, "ఒసే, అంత దూరం హారన్ ఇన్నది, నీ గొంతు ఇనదేటి? నీకే గొంతు లేదు" అని నవ్వేసేవాడు. ఇంట్లో మగవాడు అంత ధీమాగా నవ్వుతుంటే ఆడదాని అనుమానం ఎన్నాళ్లు నిలుస్తుంది?

దేవికి అయిదు నిండిన ఏడాది, విజయనగరం నుంచి ఓ ఆస్పత్రి వాళ్లు లారీ యజమానుల సంఘం ఆఫీసుకు వచ్చారు. ఏళ్ల తరబడి ఇంజను పక్కన కూర్చునే డ్రైవర్ల వినికిడి ఎంత పోతోందో తేల్చే పరిశోధన అట. చెవులు పోయాయంటే బండి ఎవరిస్తారని డ్రైవర్లు ముందు మొహం చాటేశారు. పరీక్షలు చేసే అమ్మాయి విశాలి, పేర్లు బయటికి రానివ్వమని ఒట్టేసినంత పని చేసి వాళ్లను కూర్చోబెట్టింది. ఎల్లాజీ కూతుర్ని చంకనేసుకుని వెళ్లాడు.

చెవులకు తగిలించిన దాన్లోంచి శబ్దం వినబడితే బటన్ నొక్కాలి. సన్న శబ్దాలు ఎల్లాజీకి అందడం లేదు. అయినా టంచనుగా నొక్కుతున్నాడు. విశాలి కాసేపు చూసి నవ్వింది.

"నా చెయ్యి కదలడం చూసి నొక్కుతున్నారు కదూ! అటు తిరిగి కూర్చోండి."

గదిలో అందరూ నవ్వారు. ఎల్లాజీ కూడా సిగ్గు పడుతూనే నవ్వాడు. సరిగ్గా అప్పుడే తోటి డ్రైవరు హరిబాబు ఫోను బెంచీ మీద దేవి వీపు వెనకే మోగింది. లారీ రొదలో కూడా వినబడాలని పెట్టుకున్న మోత అది. గదిలో అన్ని తలలూ అటు తిరిగాయి. గోడ మీద సున్నం గీక్కుంటున్న దేవి తిరగలేదు. విశాలి నవ్వు ఆగిపోయింది.

"పాపకి వినబడుతుందా?"

"భలేదానివమ్మా! రా, సూపిస్తాను."

లారీ ఆఫీసు ముందే ఉంది. దేవిని ముందు చక్రం పక్కన అటు మొహం పెట్టి నిలబెట్టి, తను ఎక్కి ఇంజను స్టార్ట్ చేసి హారన్ కొట్టాడు. దేవి వెనక్కి తిరిగి కిలకిలా నవ్వింది. ఎల్లాజీ క్యాబిన్‌లోంచి గెలిచినవాడిలా చూశాడు.

"ఈసారి ఇంజను ఆపేయండి. పాపను ఎత్తుకుని రోడ్డు అవతల నిలబడండి. హారన్ ఆయన కొడతారు" అంది విశాలి.

హరిబాబు ఎక్కి కొట్టాడు. ఎల్లాజీ భుజాలు అదిరిపడ్డాయి. చంకలో దేవి అతని చొక్కా గుండీతో ఆడుకుంటోంది.

"ఇంకోపాలి కొట్రా!"

కొట్టాడు. గుండీ ఊడొచ్చింది. అది చూసి దేవి నవ్వింది.

"ఇంకా గట్టిగా కొట్రా నాయనా!" అన్నాడు ఎల్లాజీ. హారన్‌కి గట్టి, మెల్ల ఉండవని అతనికి తెలియదా? కొట్టగా కొట్టగా హారన్ మోగించే ట్యాంకులో గాలి అయిపోయి హారన్ మూలిగి ఆగిపోయింది.

"ఇంజను ఆడుతుంటే నేల అదురుతుందన్నా. పాదాలకి తెలుస్తుంది" అంది విశాలి మెల్లగా. "నాన్న వచ్చాడని పాపకి తెలిసేది, అది నిజమే. కానీ విని కాదు."

వారం తిరగకుండా ఎల్లాజీ, ఈశ్వరి దేవిని తీసుకుని విజయనగరం వెళ్లారు. దేవిని నిద్రపుచ్చి, తలకు వైర్లు అంటించి చూశారు. రెండు చెవుల్లోనూ వినికిడి ఏమీ లేదు. పెద్ద డాక్టరు కసిరే మనిషి కాదు, అదే ఎల్లాజీకి మరీ కష్టమైంది. తిట్టి ఉంటే బాగుండేది. ఆపరేషన్ చేసి లోపల మిషను పెట్టొచ్చు గానీ, పసితనంలోనే పెడితే మెదడు శబ్దాన్ని నేర్చుకుంటుందనీ, ఇన్నేళ్లు ఖాళీగా ఉన్నాక శబ్దం తెలిసినా మాట వస్తుందని చెప్పలేననీ ఆయన అన్నాడు. ఆ ఆస్పత్రిలోనే చెవిటి పిల్లలకు మిషన్లు పెట్టే పరిశోధన ఒకటి నడుస్తోంది. మూడేళ్ల లోపు వాళ్లనే తీసుకుంటారు.

వరండాలో ఎల్లాజీ విశాలి ముందు చేతులు జోడించాడు. "మూడేళ్లని రాసుకో తల్లీ. పిల్ల పొట్టిదే, ఎవుడికీ తెల్దు."

"నేను రాసినా పాప మెదడు నమ్మదన్నా."

"నా సెవులు తీసి పెట్టండి అయితే!"

విశాలి తల వంచుకుంది. అతని చెవుల సంగతి ఆమెకు తెలుసు.

"రెండేళ్లప్పుడు తెచ్చుంటేనమ్మా?" అంది ఈశ్వరి.

"అప్పుడైతే తీసుకునేవాళ్లమే."

ఈశ్వరి మొగుడి వైపు చూసింది. "లచ్చనమ్మ సెప్పలేదేటి బావా?" అంది. అరిచి అనలేదు. ఎల్లాజీకి నేల విచ్చుకుని మింగేస్తే బాగుండుననిపించింది. సైగలతో చదువు చెప్పే బడి ఉందని, అక్కడ పాప చక్కగా చదువుకుంటుందని విశాలి చెబుతూనే ఉంది. అతని చెవికెక్కలేదు.

ఎదురుగదిలో హడావిడి మొదలైంది. ఏడాదిన్నర పిల్లాడు తల్లి ఒళ్లో ఉన్నాడు. చెవి వెనక మిషను ఉంది. ఆ రోజే మొదటిసారి దాన్ని ఆన్ చేస్తారట. తలుపు తెరిచే ఉంది, వరండాలో వాళ్లంతా గుమిగూడారు. కొడుకును పేరు పెట్టి పిలిచింది తల్లి. పిల్లాడు బిక్కచచ్చి, నలువైపులా చూసి, ఘొల్లున ఏడ్చాడు. ఆ ఏడుపుకి తల్లి నవ్వుతూ ఏడ్చింది. నర్సులు, వరండాలో జనం, అందరూ చప్పట్లు కొట్టారు. ఆ పసివాడి మీద ఎల్లాజీకి ఒళ్లు మండిపోయింది. ఆ తల్లి మీదా మండింది. మరుక్షణం తన మీద తనకే అసహ్యం వేసింది.

దేవి ఒక్కొక్కరి మొహమూ చూసింది. ఎందుకో తెలియకపోయినా అందరూ నవ్వుతున్నారు, చేతులు కలుపుతున్నారు. తనూ నవ్వుతూ చప్పట్లు మొదలెట్టింది. తండ్రి ఒక్కడే ఊరికే నిలబడ్డాడని గమనించి, అతని రెండు చేతులూ పట్టుకుని ఒకదానికొకటి కొట్టించింది.

ఎల్లాజీ కొట్టాడు. గదిలో చప్పట్లు ఆగిపోయి, జనం తలో దారిన వెళ్లిపోయినా, కూతురు చేతులు వదిలేదాకా కొడుతూనే ఉన్నాడు.